పాలు లేని చీజ్: ఏ వంటకు ఏది?

పాలతో చేసిన చీజ్‌లో నాలుగైదు గుణాలు ఒకేచోట ఉంటాయి. వేడి తగిలితే కరుగుతుంది, లాగితే సాగుతుంది, నోట్లో వెన్నలా జారుతుంది, ఉప్పగా పుల్లగా ఉంటుంది, పైగా మాంసకృత్తులు దండిగా ఇస్తుంది. మొక్కల నుంచి వచ్చే ఏ ఒక్క పదార్థంలోనూ ఇవన్నీ కలిసి దొరకవు. జీడిపప్పుతో చేసింది నున్నగా ఉంటుంది గానీ సాగదు. కర్రపెండలం పిండితో చేసింది సాగుతుంది గానీ రుచి ఉండదు. టోఫులో బలం ఉంది, పెనం మీద పెడితే మాత్రం కరగదు. అందువల్ల మంచి వీగన్ చీజ్ ఏదని అడిగితే సూటిగా జవాబు చెప్పలేం. ఏ వంటలోకి అని అడిగితే చెప్పొచ్చు.

మాంసం, చేపలు, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేసేవారు వీగన్లు. ఆ పేరు 1944లో ఇంగ్లండ్‌లో పుట్టింది. డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కొందరు ఆ ఏడాది నవంబరులో వీగన్ సొసైటీని స్థాపించారు. తెలుగిళ్లలో ఈ దారి పట్టినవారిని ముందుగా ఇబ్బంది పెట్టేది చీజ్ కాదు, భోజనం చివర పెరుగన్నం. చీజ్ మన దగ్గరకు పిజ్జాలు, శాండ్‌విచ్‌ల వెంట వచ్చింది. పనీర్ ఉత్తరాది కూరలతో, హోటళ్ల మీదుగా వచ్చింది. కాబట్టి ఇక్కడ వెతకాల్సిన ప్రత్యామ్నాయాలు కూడా ప్రధానంగా ఈ రెండింటికే.

పాలు లేని చీజ్ కావాలనేవారంతా వీగన్లే కానక్కర్లేదు. పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ అరగక కడుపు ఉబ్బరం, విరేచనాలతో బాధపడేవారున్నారు. పాల మాంసకృత్తులకు అలర్జీ ఉన్నవారున్నారు. ఈ ముగ్గురి అవసరాలు వేరు. నెలల తరబడి మాగబెట్టిన గట్టి చీజ్‌లో లాక్టోజ్ దాదాపుగా మిగలదు. లాక్టోజ్ అరగనివారిలో చాలామంది దాన్ని కొద్దికొద్దిగా తినగలరు. అలర్జీ ఉన్నవారికి అదే ముక్క ప్రమాదం. ‘లాక్టోజ్ ఫ్రీ’ అని రాసిన చీజ్ కూడా పాలతో చేసిందే. అది వీగన్లకు పనికిరాదు, అలర్జీ ఉన్నవారికి అసలే పనికిరాదు.

ఇక అసలు చిక్కు కేసిన్ దగ్గరుంది. ఆవు పాలలోని మాంసకృత్తుల్లో దాదాపు 80 శాతం కేసిన్లే. ఇవి కాల్షియం, ఫాస్ఫేట్‌లతో కలిసి కంటికి కనిపించని చిన్న చిన్న ఉండలుగా పాలలో తేలుతుంటాయి. ఒక్కో ఉండ పైన నూగులాంటి పొర ఉంటుంది. ఆ నూగే ఉండలను ఒకదానికొకటి అంటుకోకుండా దూరంగా ఉంచుతుంది. రెన్నెట్ అనే ఎంజైము ఆ నూగును కత్తిరించేస్తుంది. అడ్డు తొలగిన ఉండలు కాల్షియం సాయంతో గొలుసుల్లా అతుక్కుని వలగా అల్లుకుంటాయి, ఆ వల కళ్లలో కొవ్వు, నీరు చిక్కుకుంటాయి. ఆ ముద్దను పిండి, ఉప్పు వేసి, మాగబెడితే చీజ్. రెన్నెట్ ఒకప్పుడు లేగదూడ పొట్ట నుంచి తీసేవారు. ఇప్పుడు ఎక్కువగా సూక్ష్మజీవుల ద్వారా తయారు చేస్తున్నారు. అయినా మిగిలినదంతా పాలే గనక వీగన్ల లెక్కలో అది చేరదు.

వేడి చేసినప్పుడు ఆ వల తెగిపోదు, వదులవుతుంది. ముందు కొవ్వు కరుగుతుంది, తర్వాత కేసిన్ల మధ్య పట్టు సడలుతుంది, ముద్ద మొత్తం పారుతుంది. లాగితే వల పోగులుగా సాగుతుంది. మోజరెల్లా చేసేవారు ముద్ద పులుపు పీహెచ్ 5.2 దరిదాపుల్లోకి వచ్చేదాకా ఆగి, అప్పుడు వేడి నీళ్లలో వేసి సాగదీస్తారు. అంతకన్నా పులుపు తక్కువైనా, ఎక్కువైనా సాగదు. ఇంత సున్నితమైన ఏర్పాటు గింజల్లో, పప్పుల్లో లేదు. మొక్కల మాంసకృత్తులు చాలావరకు ఉండచుట్టుకున్న గోళాల్లాంటివి. వేడి తగిలితే అవి విచ్చుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకడతాయి. ఒకసారి గడ్డకట్టాక మళ్లీ వేడి చేస్తే ఇంకా బిగుస్తాయే తప్ప కరగవు. ఈనిన గేదె మొదటి పాలతో ఆవిరి మీద ఉడికించే జున్ను ఇలాగే బిగుస్తుంది. ఆ పాలలో కేసిన్ కన్నా వేడికి గడ్డకట్టే ఇతర మాంసకృత్తులు ఎక్కువ. జున్నును పెనం మీద పెట్టి కరిగించాలని చూసినవారెవరూ ఉండరు.

పనీర్ సంగతి వేరు. అందులో రెన్నెట్ వాడరు. మరిగే పాలలో నిమ్మరసమో, పుల్లటి మజ్జిగో పోసి విరగ్గొడతారు. పులుపుకు కాల్షియంలో చాలా భాగం విడిపోయి నీళ్లలోకి పోతుంది, విరుగుడు నీటిలోని (వే) మాంసకృత్తులు కూడా కేసిన్‌తో కలిసి గడ్డకడతాయి. ఫలితంగా పనీర్ కూరలో మెత్తబడుతుంది, నూనెలో ఎర్రబడుతుంది గానీ కరగదు. వీగన్లకు ఇది కలిసొచ్చే విషయం. కరగని దానికి కరగని ప్రత్యామ్నాయం చాలు. పనీర్ స్థానాన్ని టోఫు దాదాపు పూర్తిగా భర్తీ చేయగలదు. మోజరెల్లా స్థానాన్ని ఇప్పటిదాకా ఏదీ పూర్తిగా భర్తీ చేయలేదు.

టోఫు చైనా సొత్తు. తయారీ పనీర్‌ను పోలి ఉంటుంది. సోయా చిక్కుళ్లను రాత్రంతా నానబెట్టి, నీళ్లు పోసి మెత్తగా రుబ్బి, గుడ్డలో పిండితే పాలు వస్తాయి. ఆ పాలను కనీసం పది నిమిషాలు బాగా మరగనివ్వాలి. పచ్చి సోయాలో మాంసకృత్తుల జీర్ణానికి అడ్డుపడే పదార్థం ఉంటుంది. మరిగితేనే దాని బలం తగ్గుతుంది, పచ్చివాసన కూడా పోతుంది. తర్వాత మంట ఆపి, పాలు కాస్త చల్లారి 75 నుంచి 80 డిగ్రీల దగ్గరకు వచ్చాక విరగ్గొట్టే పదార్థం కలుపుతారు. జపాన్‌లో దీనికి నిగారి వాడతారు. సముద్రపు ఉప్పు తీయగా మిగిలిన చేదు నీటి నుంచి వచ్చే ఇందులో ప్రధానంగా మెగ్నీషియం క్లోరైడ్ ఉంటుంది. చైనాలో జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్ వాడకం ఎక్కువ. ఇళ్లలో నిమ్మరసంతోనూ అవుతుంది గానీ ముద్ద పొడిపొడిగా, కాస్త పుల్లగా వస్తుంది. విరిగిన ముద్దను గుడ్డలో కట్టి, పైన బరువు పెడితే గంటలో ముక్కలు కోయడానికి వీలైన టోఫు సిద్ధం.

టోఫు చప్పగా ఉంటుందన్న ఫిర్యాదు నిజమే. అయితే ఆ తప్పు చాలావరకు వండే తీరుది. ప్యాకెట్లోంచి తీసిన ముక్కను నేరుగా గ్రేవీలో వేస్తే అది నీళ్లతో నిండి ఉంటుంది గనక మసాలా పీల్చుకోదు. పొడి గుడ్డలో చుట్టి అరగంట బరువు కింద ఉంచి, ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి, పెనం మీద నాలుగు వైపులా ఎర్రగా వేయించి అప్పుడు పాలకూరలోనో, బఠానీ కూరలోనో వేయాలి. గుడ్డు బుర్జీలా పొడుం చేసి ఉల్లిపాయ, పచ్చిమిర్చితో వేపుడు చేసినా బాగుంటుంది. సోయా పడనివారికి శనగపిండి దారి ఉంది. బర్మాలోని షాన్ ప్రాంతంలో శనగపిండిని నీళ్లలో జారుగా కలిపి, పసుపు, ఉప్పు వేసి, అడుగంటకుండా కలుపుతూ ఉడికించి, పళ్లెంలో పోసి ఆరనిస్తారు. విరగ్గొట్టే పదార్థమే అక్కర్లేదు. అది గట్టిపడ్డాక ముక్కలు కోసి వేయించుకుంటారు. చాలామంది దీన్ని పట్టించుకోరు గానీ, ఖర్చు, శ్రమ రెండూ చూస్తే టోఫు కన్నా ఇదే నయం.

చైనాలో టోఫును బూజు పట్టించి, ఉప్పునీళ్లలో మాగబెట్టి ఫురూ అనే పదార్థం చేస్తారు. దాని వాసన, ఉప్పదనం, వెన్నలాంటి మెత్తదనం ఐరోపా వారి ఘాటైన చీజ్‌లను గుర్తుచేస్తాయి. చైనా నుంచి ఫ్రాన్స్ వెళ్లిన లీ యూయింగ్ 20వ శతాబ్దం మొదటి దశకం చివర పారిస్ పక్కన కొలోంబ్‌లో సోయా కార్ఖానా పెట్టి, సోయా పాలతో ఫ్రెంచి తరహా చీజ్‌లు కూడా చేశాడు. పాలు లేని చీజ్ ఈ తరం వాళ్ల సరదా అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

పిజ్జాను పక్కన పెట్టి, రొట్టె మీద రాసుకునే చీజ్, పాస్తాలో కలిపే సాస్, క్రీమ్ చీజ్ లాంటివాటి సంగతి చూస్తే జీడిపప్పును మించింది లేదు. జీడిపప్పు బరువులో దాదాపు 44 శాతం కొవ్వు, ఐదో వంతుకు పైగా పిండి పదార్థం ఉంటాయి. పైపొర తీసే అమ్ముతారు గనక రుబ్బాక వడకట్టే పని లేదు. కొవ్వు నునుపునిస్తుంది, పిండి పదార్థం వేడికి చిక్కబడుతుంది. బాదం, పొద్దుతిరుగుడు గింజలతోనూ చేయొచ్చు. వాటిలో పిప్పి ఎక్కువ, రంగు కూడా అంత తెల్లగా రాదు. వేరుశనగ చవక, కానీ దాని వాసన ఎంత దాచినా దాగదు. జపాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన మియోకో షిన్నర్ 2012లో జీడిపప్పు చీజ్‌లపై పుస్తకం రాసి, 2014లో కంపెనీ పెట్టారు. సూక్ష్మజీవులతో పులియబెట్టి, మాగబెట్టే పద్ధతికి ఆదరణ పెరగడంలో ఆమె పాత్ర పెద్దది.

జీడిపప్పు దగ్గర తెలుగువారికి వెసులుబాటు ఉంది. శ్రీకాకుళం జిల్లా పలాస, బాపట్ల జిల్లా వేటపాలెం, కోనసీమలోని మోరి జీడిపప్పుకు పేరుపడ్డ ఊళ్లు. గింజ పరిమాణాన్ని బట్టి, విరిగిందా లేదా అన్నదాన్ని బట్టి పప్పుకు ధర కడతారు. డబ్ల్యూ 320 రకం అంటే పౌనుకు సుమారు 320 గుండు పప్పులు తూగుతాయని. పాయసంలో, పులావులో కనబడాలి గనక గుండు పప్పుకు గిరాకీ. చీజ్‌కు ఎలాగూ రుబ్బుతారు కాబట్టి బద్దలు, ముక్కలు చాలు. అవి బాగా తక్కువ ధరకు దొరుకుతాయి, రుచిలో తేడా ఏమీ ఉండదు.

ఇంట్లో చేసే పద్ధతి కష్టమైంది కాదు. కప్పు జీడిపప్పు ముక్కలను మరిగే నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ఉంచి వంచేసి, మంచినీళ్లలో నాలుగు గంటలు నాననిచ్చి, వీలైనంత తక్కువ నీళ్లతో వెన్నలా రుబ్బాలి. పలుకు తగిలితే చీజ్ అనిపించదు, కాబట్టి మిక్సీని మధ్యమధ్యలో ఆపి అంచులు దులుపుతూ ఓపికగా తిప్పాలి. అప్పటికప్పుడు కావాలంటే నిమ్మరసం, ఉప్పు, చిటికెడు వెల్లుల్లి పొడి కలిపితే చాలు. నిజమైన పులుపు రావాలంటే తోడు పెట్టాలి. మందుల షాపులో దొరికే ప్రోబయోటిక్ క్యాప్సూల్ విప్పి ఆ పొడిని కలిపే పద్ధతి నమ్మకమైనది. పాల పదార్థం లేని రకం చూసి తీసుకోవాలి. పచ్చిమిరపకాయల తొడిమలతో తోడు పెట్టే చిట్కా కూడా వాడుకలో ఉంది, కాకపోతే దానిలో ఏ సూక్ష్మజీవులు చేరతాయో మన చేతిలో ఉండదు. చలికాలంలో ఒక రోజు పట్టే పులుపు మే నెలలో ఒక్క రాత్రికే వస్తుంది. పులిశాక పల్చటి గుడ్డలో కట్టి ఫ్రిజ్‌లో పెడితే నీరు దిగి, కత్తితో రాసుకునేంత గట్టిపడుతుంది. ముక్కలుగా కోయాలంటే కిరాణా షాపుల్లో దొరికే చైనా గ్రాస్‌ను నీళ్లలో మరిగించి కలపాలి. చైనా గ్రాస్ ఒకసారి గట్టిపడ్డాక దాదాపు 85 డిగ్రీల దాకా కరగదు కాబట్టి ఈ ముక్కలు సలాడ్‌లోకి, శాండ్‌విచ్‌లోకి సరే, పిజ్జా మీదకు కాదు.

ఇలా పులియబెట్టే పనిలో ఒక హెచ్చరిక ఉంది. పాలు లేనంత మాత్రాన క్రిములు రావన్నది భ్రమ. అమెరికాలో 2014లోనూ, మళ్లీ 2021లోనూ జీడిపప్పు చీజ్ తిన్నవారికి సాల్మొనెల్లా సోకింది. ఫ్రాన్స్‌లో 2022లో బాదం చీజ్ నుంచి లిస్టీరియా వ్యాపించింది, గర్భిణులు ఎక్కువగా దాని బారిన పడ్డారు. గింజలను వేడి చేయకుండా పచ్చిగా రుబ్బి పులియబెట్టడమే ఇలాంటి చోట్ల ముప్పు తెస్తుంది. పైన చెప్పిన మరిగే నీళ్ల మెట్టు అందుకే. పులుపు సరిగా రాని ముద్దను, రంగు మారినదాన్ని పారేయడమే మంచిది. గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువున్నవారు పులియబెట్టినదాని జోలికి వెళ్లకుండా నిమ్మరసంతో అప్పటికప్పుడు చేసినదే తినాలి.

పిజ్జా మీద సాగాలంటే కర్రపెండలం కావాలి. సగ్గుబియ్యం చేసే ఆ దుంప పిండే ఇది. పెద్దాపురం, సామర్లకోట ప్రాంతాల్లో దీని మిల్లులున్నాయి. నీళ్లలో ఉడికినప్పుడు మొక్కజొన్న పిండి పొట్టిగా తెగిపోతే, కర్రపెండలం పిండి జిగురుగా తీగలు సాగుతుంది. రుబ్బిన జీడిపప్పు అరకప్పు, నీళ్లు కప్పు, ఈ పిండి మూడు నాలుగు చెంచాలు, ఉప్పు, నిమ్మరసం కలిపి సన్నని సెగ మీద పెట్టాలి. మొదట పలచగా ఉన్నది రెండు మూడు నిమిషాలకు ఉండలు కడుతున్నట్టు కనిపిస్తుంది. పాడైపోయిందని చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఆపకుండా గరిటె తిప్పితే మరో రెండు నిమిషాలకు ముద్ద ఒక్కటై, మెరుస్తూ, గరిటె పైకెత్తితే తీగలు లాగుతుంది. వేడిగా ఉండగానే చెంచాతో పిజ్జా మీద జారవిడవాలి. చల్లారితే బిగుస్తుంది, మర్నాటికి రబ్బరే.

కెనడాలో 2008లో మొదలైన డేయా లాంటి కంపెనీలు ఇదే కిటుకుతో మార్కెట్లోకి వచ్చాయి. దుకాణాల్లో కనిపించే వీగన్ చీజ్ ముక్కలు, తురుములో ఎక్కువ భాగం నీరు, కొబ్బరి నూనె, దుంప పిండి, ఉప్పు, రుచి కోసం కలిపిన పదార్థాలు. కొబ్బరి నూనె దాదాపు 25 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఫ్రిజ్‌లో గట్టిగా ఉండి, ఓవెన్‌లో జారిపోవడానికి అదే కారణం. సౌకర్యం మాట సరే గానీ, పౌష్టికాహారంగా వీటికి విలువ తక్కువ. వంద గ్రాముల చెడ్డార్ చీజ్‌లో 25 గ్రాముల వరకు మాంసకృత్తులు, దాదాపు 700 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. ఈ ముక్కల్లో చాలావాటిలో మాంసకృత్తులు గ్రాము కూడా ఉండవు, కొవ్వు మాత్రం సంతృప్త కొవ్వే. కొబ్బరి నూనెలో దాని వాటా 80 శాతానికి పైమాటే. జీడిపప్పు కూడా కాల్షియానికి ఆధారం కాదు, వంద గ్రాములకు 40 మిల్లీగ్రాములు దాటదు. జిప్సంతో విరగ్గొట్టిన టోఫు, రాగులు, ఆకుకూరలు ఆ లోటు తీర్చాలి. బి12 విటమిన్ మొక్కల ఆహారంలో నమ్మదగినంతగా దొరకదు కాబట్టి వీగన్లు దాన్ని మాత్రల రూపంలోనో, విటమిన్ కలిపిన ఆహారం ద్వారానో తీసుకోక తప్పదు.

రుచి విషయంలో ఎక్కువగా సాయపడేది న్యూట్రిషనల్ ఈస్ట్. బ్రెడ్డు పొంగించే ఈస్ట్ జాతినే పెంచి, వేడితో చంపి, ఆరబెట్టిన పసుపు రేకులవి. గ్లుటమేట్ ఎక్కువ ఉండటం వల్ల మాగిన చీజ్‌ను తలపించే కమ్మదనం ఇస్తాయి. కొన్ని కంపెనీలు వాటిలో బి12 కలుపుతాయి, అన్నీ కాదు.

కొనేటప్పుడు ఆకుపచ్చ చుక్క చూసి మోసపోకూడదు. ఆ చుక్క శాకాహారమని చెబుతుంది, పాలు లేవని చెప్పదు. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022లో వీగన్ ఆహార నిబంధనలు తెచ్చి, ఆకుపచ్చ ‘వి’ అక్షరంపై చిన్న మొక్క ఉన్న వేరే గుర్తు పెట్టింది. అది లేకపోతే వెనక వైపు పదార్థాల జాబితా చదవాలి. కేసిన్, సోడియం కేసినేట్, వే పొడి, పాల ఘనపదార్థాలు అని కనిపిస్తే అది పాల వస్తువే. హోటళ్లలో చౌకగా వాడే అనలాగ్ పనీర్, అనలాగ్ చీజ్‌లలో పాల కొవ్వు బదులు పామాయిల్ ఉంటుంది, పాలపొడి లేదా కేసిన్ మాత్రం తరచుగా ఉంటుంది. పాల పదార్థం కాదన్న పేరుతో దాన్ని వీగన్ అనుకోవడం పెద్ద పొరపాటు. పేరు దగ్గర కూడా దేశానికో తీరు ఉంది. ఐరోపా న్యాయస్థానం 2017 జూన్‌లో మొక్కల పదార్థాలను పాలు, చీజ్ అనే పేర్లతో అమ్మకూడదని తీర్పు చెప్పింది. భారత్‌లోనూ పాల పేర్లు పాల పదార్థాలకే చెందుతాయి.

పర్యావరణం కోసం చీజ్ మానేవారికి లెక్కలు అనుకూలంగానే ఉన్నాయి. కిలో చెడ్డార్ చీజ్‌కు పది లీటర్ల దాకా పాలు పడతాయి. పరిశోధకులు పూర్, నెమెచెక్ 2018లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం కిలో చీజ్ వెనక దాదాపు 24 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వెలువడితే, కిలో టోఫు వెనక 3 కిలోలు మాత్రమే.

సాగే చీజ్ సమస్యను మూలంలోనే తేల్చాలని చూస్తున్నవారూ ఉన్నారు. పాల మాంసకృత్తుల జన్యువును ఈస్ట్‌లోనో, శిలీంధ్రంలోనో పెట్టి, తొట్లలో పులియబెట్టి, ఆవు లేకుండా అదే మాంసకృత్తును తీయడం వారి పద్ధతి. అమెరికాలో 2014లో ర్యాన్ పాండ్య, పెరుమాళ్ గాంధీ మొదలుపెట్టిన పర్ఫెక్ట్ డే కంపెనీ ఇలా వే మాంసకృత్తును తయారుచేసింది. కేసిన్ తీయడం అంతకన్నా కష్టం. దానికి ఫాస్ఫేట్ అతకాలి, కాల్షియంతో కలిసి ఉండలు కట్టాలి. ఇది సఫలమైతే కరిగి సాగే చీజ్ జంతువుతో పని లేకుండా వస్తుంది. అయితే అది రసాయనికంగా పాల మాంసకృత్తే కాబట్టి పాల అలర్జీ ఉన్నవారు దాన్ని ముట్టకూడదు.

ఈలోగా తెలుగు వంటింటికి సరిపడే జవాబు ఇలా ఉంటుంది. పనీర్ కూరలకు టోఫు, అది పడకపోతే శనగపిండి ముక్కలు. రొట్టె మీదకు, సాస్‌లోకి జీడిపప్పు. పిజ్జాకు జీడిపప్పులో కర్రపెండలం పిండి. దుకాణంలోని కొబ్బరి నూనె ముక్కలు ఎప్పుడైనా ఒకసారి సరదాకు సరే, రోజువారీ ఆహారంగా వాటికి డబ్బు పెట్టడం దండగ.